రేటు బోర్డు

శుక్రవారం. రంజాన్ నెల. మనామాలో తొమ్మిదింటికే
ఎండ మా అద్దం తలుపుకి చెయ్యి ఆనించి నిలబడింది.
షట్టరు సగం ఎత్తి, ముందు రేటు బోర్డు వెలిగించాను.
పౌండు ఎదురుగా ఎర్ర అంకెలు:
రాత్రి కట్టేసి వెళ్ళినప్పుడు ఐదువందల అరవై ఫిల్సు,
ఇప్పుడు ఐదువందలు, ఐదువందల పది, మళ్ళీ ఐదువందలు.
బోర్డు చెడిందనుకుని తీగ పీకి మళ్ళీ పెట్టాను.
లోపల్నుంచి శైజు అన్నాడు:
చెడింది బోర్డు కాదు చేట్టా.

సముద్రాలవతల ఒక దేశం
రాత్రంతా మేలుకుని తనని తానే అడిగిందట:
ఉందామా, పోదామా.
వందలో యాభై రెండు మంది పోదామన్నారట.
తక్కిన నలభై ఎనిమిది మంది ఎటు పోవాలో
ఆ కాగితం మీద గడి లేదు.

ముందుగా వచ్చింది లెక్కల టీచరు మిస్ హార్కోర్ట్.
కళ్ళద్దాల మీద తడి, కారు దిగగానే కమ్మిన ఆవిరేమో అనుకున్నాను.
ఇవాళ మీ దినార్లకి ఎక్కువ పౌండ్లొస్తాయి మేడమ్ అన్నాను,
మంచి కబురు చెబుతున్నట్టు.
ఆ మాటకే ఏడ్చింది.

వెనకే పెండ్రీ ముసలాయన.
పింఛను పౌండ్లలో వస్తుంది ఆయనకి, ఖర్చు దినార్లలో.
మా దేశం మాకు దొరికిందయ్యా అని కౌంటరు మీద చరిచాడు.
నేనిచ్చిన నోట్లు ఒకసారి లెక్కపెట్టుకున్నాడు,
నవ్వు తగ్గించి
ఇంకోసారి లెక్కపెట్టుకున్నాడు.

టాక్సీ ఇఫ్తికార్ డబ్బు మార్చడానికి రాలేదు, చెప్పుకోడానికొచ్చాడు.
బ్రాడ్‌ఫర్డ్‌లో వాళ్ళన్న పోదామన్నాడట, వదిన ఉందామందట.
బయటివాళ్ళు మరీ ఎక్కువైపోయారని అన్న బాధ.
మీ అన్నా బయటివాడేగా అన్నాను.
ముందొచ్చాడు కదా అన్నాడు.
ముందొచ్చిన చెవుల గురించి, వెనకొచ్చిన కొమ్ముల గురించి
మా వైపు ఓ మాట ఉంది,
నాకొచ్చిన హిందీలో అది పట్టలేదు.

మధ్యాహ్నం వరహాలమ్మ, పిఠాపురం పంపాల్సిన డబ్బుతో.
వాళ్ళ దొరా దొరసానీ చెరో గదిలో ఉన్నారటండి.
కాఫీ రెండుసార్లు కలిపిందటండి.
కుక్క అటూ ఇటూ తిరిగి తిరిగి
నడవలో పడుకుందటండి, పాపం దానికి ఓటు లేదుగా!
అని నవ్వింది. నేనూ నవ్వాను.
తర్వాత ఇద్దరం ఎందుకో ఆగిపోయాం.

రాత్రి గుదైబియాలో గదికెళ్ళి లింబాద్రికి ఇదంతా చెప్పాను.
వాడిది జగిత్యాల దిక్కు, నాది అమలాపురం.
రెండేళ్ళ కింద మా గదిలోనూ ఓ గీత పడింది.
వారం రోజులు ఉప్పు డబ్బాలు రెండు.
జూన్ రెండున వాడు మిఠాయి పెట్టాడు,
తిన్నాను, బాగుందో లేదో చెప్పలేదు.
మూడో రోజు కూరలో ఉప్పు తక్కువై
నా డబ్బా వాడే అందుకున్నాడు.

గాళ్ళు ఉంటే ఏంది, పోతే ఏంది, మనకేంది? అన్నాడు లింబాద్రి
పొద్దున్నే సిత్రా యార్డుకి పోవాలని బూట్లు తలుపు దగ్గర పెడుతూ.
ఆ బూట్ల మీద కంపెనీ పేరుంది,
పేరు కింద లండన్ అని ఉంది.

బతుకమ్మ నాటికి కాగితం వచ్చింది.
నలభై ఒక్కమందికీ ఒకటే కాగితం, పేర్లే వేరు.
చదివి పెట్టుమన్నాడు.
అందులో ఒక ఇంగ్లీషు మాట మూడుసార్లు ఉంది,
అర్థం తెలుసు, తెలుగు చేయడం రాలేదు.
ఏమో, అన్నాను.
ఏమో అంటే?
అదే రాశార్రా. ఏమో, అని.

వాడు చాలాసేపు ఆ కాగితం వంక చూసి
గింత పెద్ద కంపెనీకి గూడ తెల్వదా అన్నాడు.

ఆఖరి లెక్క తీసుకుని మా కౌంటరుకే వచ్చాడు.
దినార్లు రూపాయలు చేశాను, నా కమీషను తీసుకోలేదు,
శైజు చూసీ చూడనట్టు ఊరుకున్నాడు.
రసీదు మడిచి పాస్‌పోర్టులో పెట్టుకున్నాక
తలెత్తి బోర్డు వైపు చూశాడు.
గా పౌండు ఎంతున్నదిప్పుడు?
నాలుగువందల అరవై, అన్నాను. ఇంకా దిగింది.

అయ్యో, అన్నాడు లింబాద్రి,
వెటకారం కాదు, నిజంగానే.